కింశుకము, సీతమ్మ కోక – సోమల కొండల వసంతం

మోదుగకు సంస్కృతంలో కింశుకమని పేరు. ‘కిం శుకః’, ఇది చిలుకా ఏమి? అని అర్థం. చిలుకముక్కువలె వంకరగా, ఎర్రగా ఉన్న ఆ పూవును చూచి పూర్వులెవరో వేసిన ప్రశ్నే పేరై నిలిచిపోయింది. తెలుగువారు మరొక ప్రాణి విషయంలో ప్రశ్నతో ఊరుకోలేదు, తీర్పే చెప్పారు. అది చిలుకే, సీతమ్మవారి కోక కట్టుకొన్న చిలుక. ఒక పూవు, ఒక పురుగు రెండూ చిలుకపేరుతోనే మనకు పరిచయమైనవి.

వ్యాకరణం తెలిసిన మిత్రులకు ఇక్కడ ఒక చిన్న చిక్కు తోచవచ్చు. ‘సీతా’ శబ్దం తెలుగులోకి వచ్చేసరికి దీర్ఘం పోయి ‘సీత’ అవుతుంది. అచ్చతెనుగు ‘కోక’తో కలిసినప్పుడు ‘సీతకోక’ కావలసినది. జనం మాత్రం దీర్ఘాన్ని వదలక ‘సీతాకోక’ అన్నారు. తత్సమమర్యాద పోనీయకుండా తెలుగుకోకను కట్టబెట్టారన్నమాట. నేను పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో ఈ సమాసాన్ని గురించి ఏ విద్యార్థీ అడుగలేదు. అడిగి ఉంటే, వ్యాకరణం మౌనం వహించవలసిన అందమైన చోట్లలో ఇదొకటి అని చెప్పి ఉండేవాణ్ణి.

ఇంత చక్కని పేరున్న ప్రాణికి మన కావ్యాలలో చోటు దొరకలేదు. అష్టాదశవర్ణనలలో ఋతువర్ణన ఒకటి. రామరాజభూషణుని వసుచరిత్రలోని వసంతవర్ణన పండితుల నోళ్లలో నానినదే. మావిచిగురు, కోయిల, మలయమారుతం, తుమ్మెదల బారులు, నిజమైన చిలుకలు – ప్రబంధవసంతానికి ఇవి నిత్యపరివారం. నేను చదివినంతలో సీతాకోకచిలుకకు ఆ కొలువులో పీట వేసినవారు కనబడలేదు. రెక్కల పురుగుగా శలభమో పతంగమో వచ్చినా, దీపంలో పడి మాడిపోవడానికే వస్తుంది. తుమ్మెదకు నాదమున్నది, నలుపున్నది, నాయిక కురులతో పోలిక ఉన్నది. సీతాకోకచిలుకకు నాదం లేదు, ఒక్క రంగూ లేదు. ఉపమానంగా పనికిరాలేదు.

ఐతే ఇది కవుల అంధత్వమని తేల్చడానికి లేదు. సోమల చుట్టుపట్ల చైత్రమాసంలో తిరిగి చూచినవారికి వేరొక కారణం తోస్తుంది.

తెలియనివారికోసం చెబుతున్నాను. సోమల ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, మదనపల్లె, పుంగనూరు పరిసరాలలోని పల్లెసీమ. ఆవులపల్లె వైపు కొండలు, వాటి పాదాల మామిడితోపులు, చింతచెట్లు, గట్లమీద కానుగలు, మిగిలినచోట ముళ్లపొదలు. ఇక్కడి అడవి ఆకురాల్చే ఎండు అడవి. వసంతమంటే ఈ అడవికి పచ్చదనం కాదు, ఆకులేనితనం. మోదుగ ఒక్క ఆకు కూడ లేకుండా పూస్తుంది. కొండగోగు మోడుకొమ్మల చివర పెద్దపెద్ద పసుపుపూలు పెడుతుంది. బూరుగ ఎర్రని దొన్నెలవంటి పూలను నేలకు రాల్చుకొంటుంది. వీటిలో మోదుగ, బూరుగ పూలకు ప్రధానమైన అతిథులు పక్షులు. గోరువంకలు, తేనెపిట్టలు వాటి తేనెకోసం కొమ్మకొమ్మకూ తిరుగుతాయి. కింశుకమని పేరు పెట్టినవాడు చెట్టుమీది పూలకూ పక్షులకూ నడుమ నిలబడి పెట్టి ఉంటాడని నాకనిపిస్తుంది.

సీతాకోకచిలుకకు పూలకంటె ముందు ఆకు కావాలి. గొంగళిపురుగుకు తినడానికి లేతాకు లేనిదే తల్లి గ్రుడ్లు పెట్టదు. కనుక మన మెట్టసీమలో వాటికి నిజమైన పండుగ వానలు పడిన తర్వాత, భాద్రపదం నుండి కార్తికం వరకు. వసంతం పూలది, శరత్తు రెక్కలది. ఈ రెండింటినీ ఒకే పటంలో ఇరికించిన వసంతచిత్రం చలిదేశాలనుండి వచ్చిన కేలండర్ల పుణ్యం. అక్కడ మంచు కరిగి ఆకు, పూవు, రెక్క మూడూ ఒక్కసారే వస్తాయి. మన ప్రబంధకవి ఏ కారణంచేత విడిచిపెట్టినా, ఈ ఒక్క విషయంలో మెట్టనేల పంచాంగం అతని పక్షమే.

మరి చైత్రవైశాఖాలలో కెమెరా పట్టుకొని వెళ్లినవాడు వట్టిచేతులతో రావలసిందేనా? అక్కరలేదు. ఎండనే కోరి తిరిగే జాతులు కొన్ని ఉన్నవి. తెల్లని రెక్కలకు కుంకుమలో ముంచినట్టు కొసలున్న చిన్న సీతాకోకచిలుక వాటిలో ఒకటి. ఉప్పి, ఆదొండ జాతి పొదలమీద దాని పురుగు పెరుగుతుంది. ఆ పొదలు మన ముళ్లనేలలో ఎండలకు వెరవవు. మిట్టమధ్యాహ్నం మేకలు కూడ నీడకు చేరినవేళ ఇది పొదనుండి పొదకు నేలబారుగా పరుగెత్తుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని కొలోటిస్ డానే అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఫాబ్రిసియస్, సంవత్సరం 1775. డానే గ్రీకు పురాణాలలో చెరలో ఉన్న రాకుమారి. ఆమె వద్దకు దేవుడు బంగారువానై దిగివచ్చాడట. మన ఉప్పిపొదకూ ఆ కథకూ సంబంధమేమిటని అడిగితే, ఈ వ్యాసానికి అసలు విషయం అదే.

పదునెనిమిదవ శతాబ్దంలో యూరపు పండితులకు ప్రపంచంలోని ప్రతి జీవికీ లాటిన్ పేరు పెట్టాలన్న దీక్ష పట్టింది. గురువు స్వీడను దేశపు లినేయస్. ఫాబ్రిసియస్ ఆయన శిష్యుడు. మరొక శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో వైద్యుడుగా డేనిషువారి తరంగంబాడికి వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1776లో నగరి కొండలు తిరిగాడు. నగరి అంటే మనకు పొరుగూరే. మదనపల్లెనుండి చెన్నపట్నం పోయే బస్సులో ఎన్నోసార్లు నిద్రలో దాటిపోయిన కొండలవి. కోనిగ్ సేకరించిన మొక్కలు, కీటకాలు ఓడలెక్కి యూరపు చేరాయి; కీటకాలలో అనేకం ఫాబ్రిసియస్ చేతిలో పేర్లు పొందాయి. కోనిగ్ మాత్రం తిరిగి వెళ్లలేదు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు.

ఆ రోజులలో అక్కడికి సమీపాన సామర్లకోటలో ఉన్నవాడు విలియం రాక్స్‌బర్గ్. కోరమండల తీరపు మొక్కలను గురించి మూడు సంపుటాలలో, మూడువందల చిత్రపటాలతో ఆయన తెచ్చిన గ్రంథం 1795 నుండి 1820 వరకు వెలువడింది. బొమ్మలు గీసినవారు మన దేశపు చిత్రకారులు. వారి పేర్లు ఆ పుటలమీద లేవు. రాక్స్‌బర్గ్‌లో నాకు నచ్చిన గుణం ఒకటున్నది. చెట్టును చూస్తే తెలుగువాళ్లు దీనినేమంటారు అని అడిగేవాడు. అడిగినది వ్రాసుకొనేవాడు. సోమిద చెట్టు అట్లే గ్రంథానికెక్కింది. దాని పట్ట జ్వరానికి మందని ఆయనే లోకానికి తెలిపాడు. తర్వాత 1830లో జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ చెట్టు ప్రజాతికే ‘సోయ్‌మిడా’ అని తెలుగుపేరును స్థిరం చేశాడు. శేషాచలం, వెలిగొండల వంటి తూర్పుకనుమల దక్షిణభాగంలో తప్ప సహజంగా పెరగని తంబ చెట్టు శాస్త్రనామం షోరియా తుంబుగ్గాయియా. రెండవ మాటలోనిది తెలుగే. అడిగినవాడు పరదేశి. చెప్పినవాడు ఏ కట్టెలు కొట్టేవాడో, ఏ వైద్యుడో. అతని పేరు మనకు దక్కలేదు. అతడన్న మాట మాత్రం ప్రపంచంలోని ప్రతి వృక్షశాస్త్ర గ్రంథంలోనూ ఉన్నది.

మోదుగకు ఈ అదృష్టం పట్టలేదు. దానికి బ్యూట్ అనే స్కాట్లండు ప్రభువు పేర ‘బ్యూటియా’ అని పెట్టారు. వృక్షశాస్త్రమంటే అభిమానమున్న ప్రభువేనట. ఐనా కింశుకమెక్కడ, బ్యూట్ దొరవారెక్కడ!

సీతాకోకచిలుకల విషయంలో ఇట్లు అడిగినవారు లేరు. లినేయస్ 1758లో పెద్దరెక్కల జాతులను యోధులుగా భావించి రెండు పక్షాలుగా విభజించాడు. రొమ్మున నెత్తురుచుక్కలవంటి ఎర్రమచ్చలున్నవి ట్రాయ్ వీరులు, లేనివి గ్రీకువీరులు. నల్లని రెక్కలమీద కెంపులు పొదిగినట్టుండే మన ఈశ్వరితీగ సీతాకోకచిలుకకు ట్రాయ్ యువరాజు హెక్టర్ పేరు అట్లు వచ్చింది. ఈశ్వరి విషపుతీగ. దానిని తిని పెరిగిన పురుగుకు విషం ఒంటబట్టి, పక్షులు ముట్టవు. నిమ్మజాతి ఆకులు తినే మరొక సీతాకోకచిలుకలో కొన్ని ఆడవి అచ్చంగా ఈ హెక్టర్ వేషమే వేసుకొని పక్షులను ఏమారుస్తాయి. 1775లో క్రామర్ అనే ఆయన ఆ మారువేషపు ఆడదానిని వేరే జాతి అనుకొని రోములస్ అని పేరు పెట్టాడు. రెండూ ఒక జాతివేనని 1865లో వాలేస్ చెప్పేవరకు భార్యాభర్తలు వేరువేరు పేర్లతో పెట్టెలలో ఉండిపోయారు. చచ్చిన పురుగును గుండుసూదితో గ్రుచ్చి చూస్తే ఇట్లే ఉంటుంది. నిమ్మచెట్టు క్రింద నాలుగు రోజులు కూర్చున్నవాడికి ఈ చిక్కు రాదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెడరిక్ మూర్ అనే లండను పండితుడు భారతదేశపు సీతాకోకచిలుకలను గురించి విస్తారంగా వ్రాశాడు. ప్రజాతులకు ఈ దేశపు పేర్లు పెట్టడమంటే ఆయనకు సరదా. నల్లని రెక్కలపై లేతనీలపు చారలున్న సీతాకోకచిలుక ప్రజాతికి 1880లో ఆయన పెట్టిన పేరు ‘తిరుమల’. ఔను, తిరుమలే. శాస్త్రగ్రంథాలలో ఈనాటికీ దాని పేరు తిరుమల లిమ్నియాస్. ఆ ఏడే మరొక గోధుమరంగు ప్రజాతికి ‘తెలింగ’ అని పేరు పెట్టాడు. చాలాకాలం ఆ పేరును పక్కనపెట్టారు. ఇటీవల జన్యుపరిశోధనల పిమ్మట మళ్లీ వాడుకలోకి తెచ్చారు. వింత ఏమంటే, ఈ తెలింగలో మన దక్షిణాది జాతులకు నెలవు ప్రధానంగా పడమటి కనుమలు. తెలుగుపేరు పెట్టుకొని పరాయిసీమలో కాపురముంటున్న బంధువులన్నమాట. ఈ రెండు పేర్లూ తెలిసిన తెలుగువారు ఎందరుంటారు?

తిరుమలను చూడదలచినవారికి ఒక కిటుకు చెబుతాను. గిలిగిచ్చ, జనుము, నాగదంతి మొక్కలు ఎండిపోతున్నచోట కాచుకొని ఉండండి. వాటిలోని ఒక చేదుపదార్థం కోసం మగ సీతాకోకచిలుకలు గుంపులుగా చేరి, కాళ్లతో గీరి పీలుస్తాయి. ఆ మైకంలో మనిషి మూర దూరానికి వెళ్లినా లేవవు. పైగా ఇవి వలసజీవులు. వేసవి చివర పడమటి కనుమలనుండి తూర్పు మైదానాలకు, వానాకాలం వెళ్లిన తర్వాత తిరిగి పడమటికి వేలసంఖ్యలో ప్రయాణిస్తాయి. దక్షిణాదిన ఈ రాకపోకలను పరిశీలకులు గ్రంథస్థం చేశారు.

మనవారు సీతాకోకచిలుకకు ఒకే పేరుతో సరిపెట్టడానికి కారణం వెదకితే పొలంలో దొరుకుతుంది. రెక్క పేరు లేదు గాని పురుగు పేర్లకు కొదవలేదు. వేరుశనగ చేలను నాశనం చేసే ఎర్రగొంగళి, ఆముదానికి పట్టే దాసరిపురుగు, పొగాకు లద్దెపురుగు, శనగపచ్చపురుగు: రైతు దేనితో పోరాడాడో దానికి పేరు పెట్టాడు. దేనిని పెంచాడో దానికీ పెట్టాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో మల్బరీ తోటలు, చంద్రికలమీద అల్లుకొన్న పట్టుగూళ్లు తెలియని ఇల్లు తక్కువ. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల చప్పుడు నా చిన్ననాటి స్నేహితులకు జోలపాట. సీతమ్మవారు పుట్టింటినుండి కట్టుకొచ్చిన కోక పట్టుకోకే అయితే, అదీ ఒక పురుగు నోటినుండి వచ్చినదే. చిలుక, కోక, పురుగు ఎంత దగ్గరి చుట్టాలో పేరు పెట్టిన ఆ అజ్ఞాతకవికి తెలిసే ఉంటుందా అని ఒక్కొక్కప్పుడు ఆలోచిస్తుంటాను.

ఇరవయ్యవ శతాబ్దం చివరివరకు సీతాకోకచిలుకలను తెలుసుకోవడమంటే వల, సీసా, సూది. 1957లో వింటర్-బ్లైత్ వ్రాసిన గ్రంథాన్ని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ప్రచురించారు. అప్పటికీ పద్ధతి అదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తదనంతరం పైన చెప్పిన హెక్టర్ కూడ రక్షిత జాబితాకెక్కింది. కృష్ణమేఘ్ కుంటే 2000లో దక్షిణభారతపు సీతాకోకచిలుకలమీద ఆంగ్లంలో పుస్తకం తెచ్చారు. అచ్చువేసింది హైదరాబాదులోని సంస్థే. 2008లో ఐజాక్ కెహింకర్ పుస్తకం వచ్చింది. ఈలోగా డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ముప్పైయారు బొమ్మలతో రీలు అయిపోతుందన్న భయం పోయింది. చంపకుండా తెలుసుకొనే వీలు సామాన్యునికి కలిగింది. నావంటి పింఛనుదారు సైతం తెల్లవారి ఏడుగంటలకు వాగుఒడ్డున చేరి, చలికి ముడుచుకొన్న రెక్కలు ఎండకు విప్పుకొనేవరకు ఓపిక పట్టగలిగితే చాలు. వేసవిలో తలకోన వంటి చోట్ల తడియిసుకమీద అవి బారులు తీరి ఉప్పునీటిసారం పీలుస్తుంటాయి. నీడ వాటిమీద పడనీయకూడదు, నిలువుగా నడిచిపోకూడదు. మోకాళ్లమీద వంగి పోవాలి. ఈ వయసులో కష్టమే గాని, భగవంతుని ముందు వంగినట్టే అనుకొంటే సరిపోతుంది.

పటాలు తీసేవారు నేడు మన సీమలో బాగానే పెరిగారు. వసంతమని హార్స్‌లీ కొండకు పోయేవారి బొమ్మలు చూస్తుంటాను. ఊదారంగు జకరందా దక్షిణ అమెరికాది. ఎర్రని గుల్‌మొహరు మడగాస్కరుది. పొదలలో రంగురంగుల పులికంప కూడ అమెరికాదే. తోటలకోసం తెచ్చిన మొక్క అడవినే ఆక్రమించింది. కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఇల్లు కట్టుకొనకముందు ఆ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఈ పూలు అందమైనవి కావని నేననడం లేదు. పులికంప తేనెకు సీతాకోకచిలుకలు మూగుతాయన్నదీ నిజమే. ఐతే దాని ఆకు వాటి పిల్లలకు పనికిరాదు. పులికంప క్రింద ఉప్పి, ఈశ్వరి అణగిపోయినచోట విందు ఉంటుంది, పురిటిల్లు ఉండదు.

బొమ్మ క్రింద పేరు వ్రాయవలసివచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ప్లెయిన్ టైగర్, క్రిమ్సన్ రోజ్, లైమ్ బటర్‌ఫ్లై అని ఆంగ్లపేర్లే. మలయాళీలు తమ భాషలో జాతిజాతికీ పేర్లు కట్టుకొన్నారు. 2018లో కేరళ తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించినదాని పేరు ‘బుద్ధమయూరి’. ఎంత చక్కని పేరు! మనకు అట్టి పేర్లు కావాలంటే సంస్కృతనిఘంటువు తిరగవేయనక్కరలేదు. పురుగు ఏ ఆకు తింటుందో ఆ ఆకుకు మన పల్లెలో పేరున్నది. జిల్లేడు తినేది జిల్లేడుచిలుక. నిమ్మ, మారేడు, కరివేపలమీద పెరిగేది నిమ్మచిలుక. ఆముదంమీదిది ఆముదపుచిలుక. తంగేడు, రేల ఆకులు తిని పసుపుపచ్చగా గుంపులు కట్టేది తంగేడుచిలుక. హెక్టర్‌ను ఈశ్వరిచిలుక అందాం. ఈ పేర్లకొక లాభమున్నది. పేరు తెలిసినవాడికి చెట్టు తెలుస్తుంది. చెట్టు తెలిసినవాడు దానిని కంపగా ఎంచి తగులబెట్టడానికి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఇప్పటి పిల్లలకు ఉప్పి, ఆదొండ అంటే తెలియదు. మరొక తరం గడిస్తే అడగడానికి మనుషులు కూడ ఉండరు.

పోయిన చైత్రంలో ఆవులపల్లె దారిలో ఉప్పిపొదల దగ్గర ఒక మేకలకాపరి కనబడ్డాడు. కెమెరా వెనుక అద్దంలో కుంకుమకొసల తెల్లరెక్కలు చూపి, దీనినేమంటారని అడిగాను. ఆయన బొమ్మవైపు ఒక్కసారి, పొదవైపు ఒక్కసారి చూచి, “అదా అయివోరా, ఎండకెగిరేది గదా!” అన్నాడు. డానే అన్న పేరు ప్రక్కన, తేదీ వేసి, ‘ఎండకెగిరేది’ అని వ్రాసుకొన్నాను.